పెట్టెలో మేళం

వీణ, వేణువు, వయొలిన్లు, తబలా, గజ్జెలు... పాట వింటుంటే పాతికమంది కూర్చుని వాయిస్తున్నట్టే ఉంటుంది. తీరా చూస్తే అక్కడున్నది ఒక్కడే! ఎదురుగా ఓ కంప్యూటరు, ఓ కీబోర్డు, పక్కన రెండు నల్ల పెట్టెలు. మన భక్తిపాటల వెనకా సినిమా పాటల వెనకా ఉన్న ఆ ‘మిడి’ కథేంటి? అందులో మన నాదస్వరం పలుకుతుందా?

శ్రీరామనవమి నాడు ఊరూరా మిట్టమధ్యాహ్నం సీతారాముల కల్యాణం జరుగుతుంది. ఒంటిమిట్టలో మాత్రం అలా కాదు. బ్రహ్మోత్సవాల్లో రాత్రిపూట, నిండు వెన్నెల్లో కోదండరాముడు పెళ్లికొడుకవుతాడు. రాష్ట్రం విడిపోయాక 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తరఫున నవమి ఉత్సవాలు ఇక్కడే జరుగుతుండటంతో జనం తాకిడీ పెరిగింది, మైకుల సందడీ పెరిగింది. ఆ రోజుల్లో కడప నుంచి రాజంపేట వెళ్లే దారిలో ఏ పందిరి దగ్గర ఆగినా రాముడి పాటే.

ఈసారి ఆ పాటల్లో మాటల్ని వదిలేసి వెనక వాయిద్యాల్ని వినండి. ముందు తంబూరా, ఆ వెంటనే వేణువు, వెనక పదిమంది కలిసి వాయిస్తున్నట్టు వయొలిన్లు, తబలా, గంటలు. అంతమందిని కూర్చోబెట్టి రికార్డు చేయాలంటే ఎంత ఖర్చు? స్థానిక గాయకులు సొంత డబ్బుతో తెచ్చే ఆల్బమ్‌కి అంత సీనెక్కడిది! అలాంటి పాటలకు చాలావరకు ఒక గొంతు, ఒక కీబోర్డు కళాకారుడు... అంతే. మిగతా మేళమంతా పెట్టెలోంచి వచ్చిందే. ఇందులో మోసమేమీ లేదు. కిటుకు మాత్రం ఉంది. ఆ కిటుకు పేరే మిడి.

తీగలో వెళ్లేది పాట కాదు

చాలామంది అనుకునేదేమిటంటే, కీబోర్డు నుంచి కంప్యూటర్‌కి వెళ్లే మిడి తీగలో సంగీతం వెళుతుందని. కాదు. ఆ తీగను తీసుకెళ్లి స్పీకరుకు తగిలిస్తే ఒక్క స్వరమూ వినపడదు. అందులో వెళ్లేది కబురు మాత్రమే. ‘ఫలానా మెట్టు నొక్కారు... ఇంత గట్టిగా నొక్కారు... ఇదిగో వదిలేశారు’. అంతే! పెళ్లివారు వంటమేస్త్రీకి రాసిచ్చే చీటీ లాంటిదన్నమాట. చీటీలో పులిహోర అని ఉంటుంది కానీ చీటీ నాకితే పులుపు తగలదు. వండేవాడు వేరే ఉండాలి. అదే చీటీ ఇద్దరు మేస్త్రీలకిస్తే రెండు రుచులు.

ఈ సంగతి కడప జిల్లా వాళ్లకు ఇంకో రకంగా చెబితే ఇట్టే తెలుస్తుంది. ఒంటిమిట్ట నుంచి రాజంపేట వైపు వెళితే వచ్చే తాళ్లపాక అన్నమయ్య పుట్టిన ఊరు. ఆయన సంకీర్తనల్ని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో భద్రపరిచారు. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరుంది. ఏ స్వరం ఎక్కడ ఎలా పలకాలో మాత్రం చాలావరకు లేదు. అందుకే ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు వాటికి కొత్తగా వరసలు కట్టాల్సి వచ్చింది. రాగిరేకులో మాట మిగిలింది, పాట మిగల్లేదు. మిడి ఫైలు దీనికి సరిగ్గా తిరగేసిన కేసు. అందులో ఏ స్వరం, ఎప్పుడు, ఎంతసేపు, ఎంత గట్టిగా అన్నదంతా పూసగుచ్చినట్టు ఉంటుంది. గొంతూ నాదమూ మాత్రం ఉండవు.

ఆ నాదం ఇచ్చేదే సౌండ్ మాడ్యూల్. చూడ్డానికి పాత వీసీఆర్ లాంటి పెట్టె. మెట్లు ఉండవు. లోపల వందలాది వాయిద్యాల శబ్దాలుంటాయి. కబురు రాగానే పలుకుతుంది. ఇక ఆ కబుర్లన్నిటినీ రాసిపెట్టుకుని, సరిదిద్ది, వేళకు పంపే గుమాస్తా పేరు సీక్వెన్సర్. ఒకప్పుడు ఇదీ విడి పెట్టెగానే ఉండేది. తర్వాత కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ అయింది. కేక్‌వాక్, క్యూబేస్, లాజిక్... స్టూడియోల చుట్టూ తిరిగినవాళ్లకు ఈ పేర్లు కొత్త కాదు.

ఇద్దరు పోటీదారుల పుణ్యం

1980ల మొదట్లో ఒక కంపెనీ కీబోర్డు మాట ఇంకో కంపెనీ కీబోర్డుకు అర్థమయ్యేది కాదు. ఎవరి తీగ వారిది, ఎవరి భాష వారిది. జపాన్‌లో రోలాండ్ కంపెనీ పెట్టిన ఇకుతారో కకెహషి, అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ నడిపిన డేవ్ స్మిత్... ఇద్దరూ వ్యాపారంలో పోటీదారులే. అయినా అందరికీ ఒకే భాష ఉండాలని పట్టుబట్టారు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాయిద్యాల ప్రదర్శనలో ఈ రెండు కంపెనీల కీబోర్డుల్ని ఒక తీగతో కలిపారు. ఇక్కడ మెట్టు నొక్కితే అక్కడ మోగింది! ఆ ఏడాదే మిడి ప్రమాణాలు అచ్చయ్యాయి. అందుకోసం ఎవరూ రాయల్టీ అడగలేదు. ముప్ఫై ఏళ్ల తర్వాత, 2013లో ఇద్దరికీ కలిపి సాంకేతిక గ్రామీ పురస్కారం ఇచ్చారు. కకెహషి 2017లో, స్మిత్ 2022లో కన్నుమూశారు.

మన దగ్గరికి ఇది మద్రాసు మీదుగా వచ్చింది. ఇళయరాజా సంగీతంలో 1986లో వచ్చిన తమిళ సినిమా ‘పున్నగై మన్నన్’ (తెలుగులో ‘డాన్స్ మాస్టర్’) కంప్యూటర్ సీక్వెన్సర్ వాడిన తొలి భారతీయ సినిమాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. ఇక తెలుగులో రాజ్-కోటి. ఒకరు టి.వి.రాజు కొడుకు, ఒకరు సాలూరి రాజేశ్వరరావు కొడుకు. అంటే ఇద్దరూ నిఖార్సయిన పాత ఆర్కెస్ట్రా ఇళ్లలో పుట్టినవాళ్లే! అయినా ఎలక్ట్రానిక్ శబ్దాన్ని రెండు చేతులా ఆహ్వానించారు. వాళ్ల దగ్గర కొన్నేళ్లపాటు కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాడే తర్వాత ఏఆర్ రెహమాన్ అయ్యాడు. 1989లో ఇంటి పక్కనే స్టూడియో కట్టుకుని, 1992లో ‘రోజా’తో అందరూ తలతిప్పి చూసేలా చేశాడు. ఇంట్లో కూర్చుని ఒక్కడే రాత్రంతా పాట చెక్కుకోవచ్చన్న సంగతి దేశానికి తెలిసింది అప్పుడే. వయొలిన్ బృందాల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతినిండా పని ఉండే వాద్యకారులకు కాల్షీట్లు తగ్గడం మొదలైందీ అప్పుడే. రెండూ నిజమే.

ఒక పాట కడదాం రండి

ఒంటిమిట్ట దగ్గర ఒక చెక్కభజన బృందం ఉందనుకుందాం. కోదండరాముడి మీద సొంతంగా పాట రాసుకున్నారు. రికార్డు చేయించాలి. ఊళ్లో కీబోర్డు నేర్చిన కుర్రాడున్నాడు. వాడి దగ్గర కంప్యూటరు, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న మాడ్యూల్ ఉన్నాయి. పని ఎలా సాగుతుంది?

మొట్టమొదటి పేచీ తాళంతోనే వస్తుంది. సాఫ్ట్‌వేర్ తెరవగానే నాలుగు లెక్కలో సిద్ధంగా కూర్చుంటుంది. పాశ్చాత్యుల అలవాటు అది. మన పాట ఖండచాపులో ఉంటే ఐదు, మిశ్రచాపులో ఉంటే ఏడు. ముందే ఆ లెక్క మార్చకపోతే ప్రతి ఆవర్తానికీ గీత ఒక చోట, దెబ్బ ఒక చోట పడుతుంది. ఆ తర్వాత దిద్దుబాట్లకే తెల్లారిపోతుంది. భజన పాటల్లో ఇంకో చిక్కుంది. నిదానంగా మొదలై పోనుపోను వేగం అందుకుంటాయి. యంత్రం తనంతట తాను వేగం పెంచదు కదా! పాటలో ఎక్కడెక్కడ ఎంత పరుగెత్తాలో టెంపో గీత గీసి చెప్పాలి.

తర్వాత శ్రుతి. ఇక్కడ మిడి అసలైన వరం. ఒకటి శ్రుతిలో కట్టిన పాటను గాయని వచ్చి ‘రెండు శ్రుతి అయితే నాకు హాయిగా ఉంటుంది’ అంటే, క్యాసెట్ రోజుల్లో అయితే గుండె ఆగినంత పని. మిడిలో అన్ని ట్రాకుల్నీ ఎంచుకుని రెండు మెట్లు పైకి జరిపితే సరి. వేగం మారదు, ఎవర్నీ మళ్లీ పిలవక్కర్లేదు. అయితే కొత్తవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. డ్రమ్ముల ట్రాకులో ఒక్కో మెట్టుకు ఒక్కో వాయిద్యం ఉంటుంది. 36వ నంబరు పెద్ద డ్రమ్ము, 38వ నంబరు స్నేర్. దాన్ని కూడా రెండు మెట్లు జరిపేశారో... ధమ్ మనాల్సిన చోట టప్ మంటుంది! తాళం ట్రాకును వదిలేసి మిగతావాటినే జరపాలి.

ఒక తీగలో 16 చానెళ్లు ఉంటాయి. వేణువుకు ఒకటి, వీణకు ఒకటి, తంబూరాకు ఒకటి ఇలా పంచుకోవాలి. పదో చానెల్ తాళవాయిద్యాలదని 1991లో వచ్చిన జనరల్ మిడి ఒప్పందం తేల్చింది. దెబ్బ బలానికి 0 నుంచి 127 వరకు అంకెలు. వాల్యూముకు, కుడి-ఎడమ సర్దుబాటుకు, ప్రతిధ్వనికి కూడా ఈ అంకెలే. తీగలో కబుర్లు ఒకదాని వెనక ఒకటి క్యూలో వెళతాయి. సెకనుకు 31,250 బిట్లు దాని వేగం. ఒక్కో స్వరం కబురుకు దాదాపు వెయ్యోవంతు సెకను పడుతుంది. ఇదేం లెక్కలోకి వస్తుందంటారా? ఒకే క్షణాన పదిహేను స్వరాలు పలకాలనుకోండి. చివరిది పదిహేను వెయ్యో వంతుల సెకను ఆలస్యంగా మోగుతుంది. వయొలిన్ల గుంపులో అయితే తెలియదు కానీ తబలా దెబ్బలో చెవికి తగులుతుంది. అందుకే అనుభవజ్ఞులు తాళాన్ని విడి తీగలో పంపుతారు. లేదా మిగతా వాయిద్యాల్ని రవ్వంత వెనక్కి జరుపుతారు.

మాడ్యూల్‌కీ ఓ హద్దుంది. 1994లో వచ్చిన రోలాండ్ జేవీ-1080 చాలా స్టూడియోల్లో ఇంటి మనిషిలా ఉండేది. ఒకేసారి 64 గొంతులు పలుకుతుంది. అబ్బో అనిపిస్తుంది కదా! కానీ అందులో ఒక్కో నిండు శబ్దం నాలుగు గొంతుల్ని కలిపి తయారై ఉండొచ్చు. అలాంటి వయొలిన్లతో నాలుగు స్వరాలు నొక్కితే పదహారు గొంతులు ఖర్చు. పాట పతాక స్థాయికి వెళ్లేసరికి లెక్క దాటిపోతుంది. అప్పుడు పెట్టె చడీచప్పుడు లేకుండా పాత స్వరాల్ని కోసేస్తుంది. ‘చరణంలో తంబూరా ఏమైపోయింది?’ అని జుట్టు పీక్కునేవాళ్లకు జవాబు ఇదే. తప్పించుకోవడానికి ఒకటే దారి. తంబూరాను ముందే శబ్దంగా రికార్డు చేసి పక్కన పెట్టి, మాడ్యూల్‌కి ఆ బరువు తీసేయడం.

మరీ కచ్చితమైతే చప్పన

సీక్వెన్సర్లో క్వాంటైజ్ అనే మీట ఒకటుంది. వాయించేటప్పుడు చెయ్యి అటూ ఇటూ అయితే అన్ని దెబ్బల్నీ గీత మీదకు లాగి నిలబెడుతుంది. కొత్తవాళ్లకు ఇది అమృతంలా కనిపిస్తుంది. కానీ అన్ని ట్రాకులకూ నొక్కేస్తే పాట గడియారంలా టిక్కు టిక్కుమంటుంది. ఊళ్లో చెక్కభజన వినండి. పదహారు మంది చెక్కలు ఒక్కసారే పడ్డట్టుంటాయి, కానీ నిజానికి పడవు. వెంట్రుకవాసి తేడాలుంటాయి. ఆ తేడాల్లోనే నిండుదనం ఉంది. కంప్యూటర్‌లో ఒకే చెక్క దెబ్బను పదహారుసార్లు ఒకే బలంతో పెడితే అది గుంపు అనిపించదు, ఒకే చెక్క గట్టిగా మోగినట్టుంటుంది. అందుకని దెబ్బ దెబ్బకూ బలం మార్చాలి. ఒకటి 92, ఒకటి 105, ఒకటి 88. నాలుగైదింటిని కాస్త ముందుకూ వెనక్కూ నెట్టాలి. ఓపిక పని. గంటసేపు చెక్కితే అరనిమిషం పాట తయారవుతుంది.

ఇక అసలు సమస్య... గమకం.

కీబోర్డులో స రి గ మ లకు స్థిరమైన మెట్లున్నాయి. మన రాగంలో స్వరం అలా నిలబడదు. ఊగుతుంది, జారుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. మోహన, హంసధ్వని లాంటివి కొంతవరకు సర్దుకుంటాయి కానీ, తోడి గాంధారాన్ని మెట్టు మీద నొక్కి నిలబెడితే అది తోడి అనిపించుకోదు. ఈ గొడవ కొత్తదేం కాదు. హార్మోనియంలోనూ ఇదే లోపమని 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది. 1971లో గానీ సడలించలేదు. ఈలోగా మన పద్యనాటకాల వాళ్లు మాత్రం హార్మోనియాన్ని వదల్లేదు. ఇప్పుడు అవే నాటకాల కరపత్రాల్లో హార్మోనియం స్థానంలో కీబోర్డు, డోలక్ స్థానంలో ప్యాడ్స్ అని కనిపిస్తోంది.

కీబోర్డు ఎడమ పక్కన ఉండే చిన్న చక్రం... పిచ్ బెండ్. అదే దీనికి మందు. చక్రం తిప్పితే స్వరం జారుతుంది. మామూలుగా అటు రెండు మెట్లు, ఇటు రెండు మెట్లు జారేలా పెట్టి ఉంటుంది. వీణ మీద లాగే పెద్ద జారు కావాలంటే ఆ హద్దును పన్నెండు మెట్ల దాకా పెంచుకోవచ్చు. కాకపోతే చక్రం మీద పట్టు చిక్కడానికి నెలల సాధన కావాలి. మరో మెలిక కూడా ఉంది. పాత మిడిలో బెండ్ ఒక స్వరానికి కాదు, చానెల్ మొత్తానికి. ఒకే చానెల్లో వేణువూ, దాని కింద శ్రుతి స్వరమూ పెట్టి బెండ్ తిప్పితే శ్రుతి కూడా ఊగుతుంది. పాడేవాళ్లకు కళ్లు తిరుగుతాయి! గమకం పలికే ప్రతి వాయిద్యానికీ విడి చానెల్ ఇవ్వడం తప్పనిసరి. ఒక చేత్తో మెట్లు, ఒక చేత్తో చక్రం. చరణం మొత్తాన్ని మెట్లతో ఒకసారి వాయించి, తర్వాత గమకాన్ని మౌసుతో గీసేవాళ్లూ ఉన్నారు. విన్నప్పుడు తేడా పట్టేయొచ్చు. గీసిన గమకం గీసినట్టే ఉంటుంది.

రుచి చూసి ఉప్పేసే పని

ట్రాకులన్నీ పూర్తయ్యాక మిక్సింగ్. మాడ్యూళ్లతో చేసే మిక్సింగ్ రెండు అంచెల్లో సాగుతుంది. మొదట సీక్వెన్సర్లోనే ఒక్కో చానెల్ వాల్యూము, స్థానం సర్దుతారు. తర్వాత మాడ్యూల్ వెనకున్న ఆడియో తీగలను మిక్సర్‌కి కలిపి, నిజమైన శబ్దంగా కంప్యూటర్‌లోకి రికార్డు చేస్తారు. పాట ఐదు నిమిషాలుంటే రికార్డింగూ ఐదు నిమిషాలే పడుతుంది. తొందరపెట్టడానికి వీల్లేదు. తెలివైనవాళ్లు అన్నిటినీ ఒకేసారి ఎక్కించరు. ఒకసారి తాళం, ఒకసారి వయొలిన్లు, ఒకసారి వేణువు... ఇలా విడివిడిగా ఎక్కించుకుంటారు. తర్వాత గొంతు వచ్చాక దేన్నయినా తగ్గించుకునే వీలుంటుంది. ఇలా చేస్తే పాత మాడ్యూల్లో అందరికీ కలిపి ఉండే ఒకే ఒక్క ప్రతిధ్వని వ్యవస్థను ప్రతి వాయిద్యానికీ వేరువేరుగా వాడుకోవచ్చు కూడా.

ఇక్కడ రాయలసీమకు ప్రత్యేకమైన శత్రువు ఒకటుంది. ‘మ్‌మ్‌మ్’ అని వెనకాల వినిపించే కరెంటు గుయ్యిమనే శబ్దం. ఎండాకాలంలో నేల బిగుసుకుపోయి ఎర్తింగ్ సరిగా పనిచేయదు. ఉప్పు, బొగ్గు వేసిన ఎర్తు గుంటలో నీళ్లు పోస్తుండాలని ఎలక్ట్రీషియన్లు చెప్పేది అందుకే. మిడి తీగతో ఈ బెడద లేదు. రెండు యంత్రాల మధ్య కరెంటు తగలకుండా కబురు వెలుతురు రూపంలో దాటేలా 1983లోనే ఏర్పాటు చేశారు. ఆడియో తీగలకు ఆ భాగ్యం లేదు. కంప్యూటర్‌ని ఒక గదిలో ప్లగ్గుకు, మాడ్యూల్‌ని ఇంకో ప్లగ్గుకు తగిలిస్తే గుయ్యి ఖాయం. అన్నిటినీ ఒకే బోర్డు నుంచి ఇస్తే చాలావరకు పోతుంది. కరెంటు కోతల సంగతి చెప్పేదేముంది... మిడి ఫైలును నిమిష నిమిషానికీ సేవ్ చేసుకోవాల్సిందే.

మిక్సింగ్‌లో ఎక్కువమంది చేసే పొరపాటు అన్నిటినీ పెంచడం. గొంతు వినపడటం లేదని గొంతు పెంచుతారు, తబలా తగ్గిందని తబలా పెంచుతారు, చివరికి మీటర్లన్నీ ఎర్రబడి శబ్దం చిట్లుతుంది. పెంచే బదులు అడ్డొచ్చేదాన్ని తగ్గించాలి. కీబోర్డు వయొలిన్లలో కింది స్థాయి బరువు తగ్గిస్తే గొంతు దానంతటదే పైకి తేలుతుంది. పులుసులో ఉప్పెక్కువైందని కారం పోస్తే ఏమవుతుందో వంటింటి వాళ్లకు వేరే చెప్పాలా!

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ పాట చివరికి మోగేది ఎక్కడ? హైదరాబాద్ స్టూడియోలోని ఖరీదైన స్పీకర్లలో కాదు. ఊళ్లో గుడి మీది గొట్టం మైకులో! దానికి కుడీ ఎడమా లేవు, కింది స్థాయి శబ్దం రాదు. కుడి నుంచి ఎడమకు గిరగిరా తిరిగే వయొలిన్లని ముచ్చటపడి పెట్టుకుంటే గొట్టం మైకులో రెండూ కలిసినప్పుడు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఉన్నట్టుండి సగం మేళం మాయం! అందుకే పాటను ఓసారి రెండు చానెళ్లూ కలిపేసి, చిన్న రేడియో లాంటి స్పీకరులో విని చూడాలి. అందులో గొంతు, తాళం, పల్లవి వరస స్పష్టంగా ఉంటే ఇంకెక్కడైనా ఉంటాయి.

హెలికాప్టర్‌కి చోటుంది... నాదస్వరానికి లేదు

జనరల్ మిడి ఒప్పందంలో 128 శబ్దాల జాబితా ఉంది. ఏ కంపెనీ పెట్టె అయినా ఒకటో నంబరంటే పియానో, 74 అంటే ఫ్లూటు. ఆ జాబితాలో మనవాళ్లెవరు? 105లో సితార్, 112లో షెహనాయ్. అంతే. వీణ లేదు, మృదంగం లేదు, తబలా లేదు. నాదస్వరం ఊసే లేదు. అదే జాబితా చివర చూడండి... 126 హెలికాప్టర్, 127 చప్పట్లు, 128 తుపాకీ పేలుడు! హెలికాప్టర్ పాటి చేయలేదన్నమాట మన నాదస్వరం.

తర్వాత కంపెనీలు కళ్లు తెరిచాయి. ఆసియా వాయిద్యాలతో మాడ్యూళ్లలో బిగించుకునే విడి బోర్డులు వచ్చాయి. తబలా, ఢోలక్ ఉన్న ప్యాడ్లు వచ్చాయి. భారతీయ శబ్దాలతో ప్రత్యేకంగా కీబోర్డులే తెచ్చారు. (అన్నట్టు, మనవాళ్లంతా ఆక్టోప్యాడ్ అని పిలిచే వాయిద్యం 1985లో మొదటిసారి వచ్చినప్పుడు దానిలో ఒక్క శబ్దమూ లేదు. కొడితే కబురు పంపేది, మోగడానికి పక్కన మాడ్యూల్ ఉండాల్సిందే!) అయినా నాదస్వరం మాత్రం లొంగలేదు. షెహనాయ్ శబ్దాన్నే కాస్త దించి, పిచ్ బెండ్ తిప్పి నాదస్వరం అనిపించే ప్రయత్నం చేస్తారు. కీబోర్డు దానికి మెట్లిస్తుంది కానీ ఊపిరివ్వదు. నాదస్వర విద్వాంసుడు పీకను పెదాలతో బిగించి, వదిలి, ఊది స్వరాన్ని నడుపుతాడు. ఒక్క స్వరంలోనే బలం, రంగు, ఎత్తు మూడూ కదులుతుంటాయి. ఆ మూడింటినీ విడివిడి అంకెలుగా రాయాలంటే ఒక ఆవర్తానికే పేజీలకు పేజీలు.

పందిట్లో పెట్టె మోగుతోంది కాబట్టి మేళగాళ్లను పిలవక్కర్లేదన్న ధోరణి ఊళ్లలో పెరిగిందన్నది నిజం. తప్పంతా మిడి మీద తోసేయడం మాత్రం న్యాయం కాదు. మిడి లేకపోతే మన భజన బృందం పాట అసలు రికార్డయ్యేదే కాదు. పదిమంది వయొలిన్ వాద్యకారుల్ని మద్రాసు నుంచి పిలిపించే స్తోమత వాళ్లకు ఏనాడూ లేదు. అక్కడ యంత్రం ఎవరి కూడూ లాగలేదు. కానీ ఊళ్లోనే ఉన్న నాదస్వరాన్నీ డోలునూ కూడా పెట్టెలోంచే తీయడం... అది పొదుపు కాదు, బద్ధకం. తెలిసినవాళ్లు చేసేది ఇదీ. వెనక తంబూరా, వయొలిన్లు, గంటలు, తాళం వరస మిడిలో కట్టుకుంటారు. నాదస్వర విద్వాంసుడిని ఒక పూట పిలుస్తారు. ఆయన చెవికి హెడ్‌ఫోన్ పెట్టి, మిడి ట్రాకు వినిపిస్తూ, ఎదురుగా మైకు పెట్టి పల్లవికి ముందొకటి, చరణాల మధ్య రెండు ముక్కలు వాయించమంటారు. మైకు గొట్టం చివరకు మరీ దగ్గరగా కాకుండా రెండు మూడు అడుగుల దూరంలో పెడితే చాలు. ఆ రెండు ముక్కలతో పెట్టెలోంచి వచ్చిన మిగతా శబ్దాలు కూడా నిజమైనవే అనిపిస్తాయి. చెవికి అదో వింత. ఒక్క మనిషి ఊపిరి వినపడితే చాలు, పక్కనున్న యంత్రాల్ని కూడా మనుషులనుకుంటుంది.

ఇక్కడొక జాగ్రత్త. ఆయన నాదస్వరం శ్రుతి, మాడ్యూల్ శ్రుతి ఒకటిగా ఉండవు. వాయిద్యాన్ని కోసి పొట్టి చేయమనలేం కదా! మాడ్యూల్లో మాస్టర్ ట్యూనింగ్ ఉంటుంది. పెట్టెనే ఆయన శ్రుతికి తేవాలి, ఆయన్ని పెట్టె శ్రుతికి కాదు.

పెట్టెలు పోయి...

1999లో స్టెయిన్‌బర్గ్ కంపెనీ క్యూబేస్‌లో సాఫ్ట్‌వేర్ వాయిద్యాలకు దారి తెరిచింది. అప్పటి నుంచి మాడ్యూళ్లు ఒక్కొక్కటిగా కంప్యూటర్ లోపలికి వెళ్లిపోయాయి. విడి పెట్టె అక్కర్లేదు, ఆడియో తీగలు అక్కర్లేదు, గుయ్యిమనే శబ్దమూ లేదు. ఒకప్పుడు వేలు పోసి కొనాల్సిన కేక్‌వాక్ 2018లో చేతులు మారాక ఉచితంగా దొరకడం మొదలైంది. ఇప్పుడు ఫోనులోనే పాట కట్టేస్తున్నారు. అయినా స్టేజీ కార్యక్రమాలు చేసేవాళ్లలో కొందరు పాత మాడ్యూళ్లను వదలడం లేదు. కారణం చాదస్తం కాదు. వేల మంది ముందు పాట మధ్యలో కంప్యూటరు అప్‌డేట్ అడిగితే ఏం చేస్తారు? పెట్టె అలాంటి వేషాలు వేయదు. మీట నొక్కితే పలుకుతుంది.

2020లో మిడి 2.0 వచ్చింది. ఇందులో మన సంగీతానికి పనికొచ్చే మార్పులు రెండున్నాయి. దెబ్బ బలానికి 128 మెట్ల బదులు 65,536 మెట్లు. అంతకంటే ముఖ్యం, బెండ్‌ని చానెల్ మొత్తానికి కాకుండా ఒక్కో స్వరానికీ విడిగా ఇవ్వొచ్చు. అంటే శ్రుతి స్వరం కదలకుండా ఉండగానే పైన గాంధారం ఊగొచ్చు. దీన్ని అర్థం చేసుకునే వాయిద్యాలు, సాఫ్ట్‌వేర్లు మెల్లగా వస్తున్నాయి. గమకం తెలిసిన మనవాళ్లు వాటి మీద కూర్చుని పనిచేస్తే అప్పుడు తేలుతుంది తోడి సంగతి.

ఇంట్లో పాత మిడి పాటలున్నవాళ్లు ఒక పని చేయండి. ఫైలును దాచిపెడితే చాలదు. మాడ్యూల్ మారితే అదే ఫైలు వేరే గొంతుతో పలుకుతుంది. మీ దగ్గరున్న పెట్టె ఇంకా పనిచేస్తుండగానే ఒక్కో ట్రాకునూ విడివిడిగా శబ్దం రూపంలో ఎక్కించుకోండి. పక్కన ఒక కాగితం మీద రాసి పెట్టండి... ఏ చానెల్లో ఏ వాయిద్యం, ఏ మాడ్యూల్లో ఎన్నో నంబరు శబ్దం, పాట ఏ శ్రుతిలో ఉంది, బెండ్ హద్దు ఎంత, తాళం ఏది, నాదస్వరం వాయించింది ఎవరు.